సొంత స్థలంలో ఇల్లు: కాంట్రాక్టర్‌ను వెతకడం నుంచి తాళాలు చేతికొచ్చే దాకా

ఇల్లు కట్టించేటప్పుడు యజమానికీ కాంట్రాక్టర్‌కూ మధ్య వచ్చే తగాదాల్లో పచ్చి మోసం వల్ల వచ్చేవి తక్కువ. ముందుగా మాట్లాడుకోని విషయాల మీద వచ్చేవే ఎక్కువ. ‘నీళ్ల సంపు మీ రేటులోనే ఉందనుకున్నాను’ అంటారు యజమాని. ‘సంపు ఎప్పుడూ వేరేనండీ’ అంటాడు కాంట్రాక్టర్. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి మనసులో ఉన్న ఇల్లు వాళ్లది. ఆ రెండు ఇళ్లూ ఒకటే అని పునాది తీయకముందే కాగితం మీద తేల్చుకోవాలి. ఆ తర్వాత డబ్బు ఎప్పుడూ పని కంటే ఒక అడుగు వెనకే ఉండేలా చూసుకోవాలి. కింద చెప్పే మెట్లన్నీ ఈ రెండింటి కోసమే.

మొదటి మెట్టు: కాంట్రాక్టర్ కంటే ముందు కావలసినవి

చాలామంది ముందు కాంట్రాక్టర్‌ను మాట్లాడుకుని, ప్లాన్ కూడా ఆయన్నే గీయించమంటారు. ఇది తలకిందుల వ్యవహారం. ఏం కట్టాలో తేలకుండా ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. అలా చెప్పిన అంకె పని మొదలయ్యాక మారి తీరుతుంది.

స్థలం సర్వే చేయించి నాలుగు మూలలా హద్దురాళ్లు వేయించండి. మట్టి పరీక్ష చేయించండి. భూమి ఎంత బరువు మోయగలదో తెలిస్తేనే పునాది ఎంత లోతు, ఎంత వెడల్పు అన్నది నిర్ణయమవుతుంది. నల్లరేగడి లాంటి మట్టి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. అలాంటి చోట మామూలు పునాది వేస్తే కొన్నేళ్లకు గోడలు పగులుతాయి. మొత్తం ఖర్చు ముందు మట్టి పరీక్ష ఖర్చు లెక్కలోకి రాదు. అయినా యజమానులు మొదట కోత పెట్టేది దీనికే. దయచేసి ఆ పని చేయకండి.

తర్వాత డ్రాయింగులు. గదుల ప్లాన్ ఒక్కటీ చాలదు. పిల్లర్లు, బీములు, స్లాబులో ఇనుము ఎంత, ఎక్కడ అని చూపే స్ట్రక్చరల్ డ్రాయింగు కావాలి. స్విచ్చులు, లైట్లు, పైపులు ఎక్కడెక్కడో చూపే డ్రాయింగులూ కావాలి. స్థానిక సంస్థ అనుమతి చేతికి రాకుండా పని మొదలుపెట్టవద్దు.

ఇక్కడే ఇంకో మాట. కాంట్రాక్టర్‌తో సంబంధం లేని ఇంజనీర్ ఒకరిని మీ తరఫున పెట్టుకోండి. రోజూ రానక్కర్లేదు, ముఖ్యమైన దశల్లో వచ్చి చూసి సంతకం పెడితే చాలు. కాంట్రాక్టర్ తెచ్చిన ఇంజనీరే కాంట్రాక్టర్ పనిని తనిఖీ చేస్తే ఆ తనిఖీకి అర్థం లేదు.

రెండో మెట్టు: ఏ రకం ఒప్పందం?

సామాన్లన్నీ మీరు కొనిచ్చి పనివాళ్లను మాత్రం కాంట్రాక్టర్ పెట్టేది లేబర్ కాంట్రాక్ట్. ఇందులో సిమెంటు, ఇనుము మీ కళ్ల ముందే ఉంటాయి కానీ రోజూ సైట్‌లో ఉండి ఏది అయిపోవస్తోందో చూసుకోవాలి. వృథా అయినా, ఎవరైనా ఎత్తుకుపోయినా నష్టం మీదే. ఉద్యోగం చేసుకుంటూ దీన్ని నడపడం చాలా కష్టం.

మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకునేది రెండోది. సులువుగా అర్థమవుతుంది కాబట్టి ఎక్కువమంది దీన్నే ఎంచుకుంటారు. చిక్కులూ ఇందులోనే ఎక్కువ. మూడోది ఐటెం రేటు: తవ్వకం, కాంక్రీటు, గోడ, ప్లాస్టరింగ్, టైల్స్, ఇలా ప్రతి పనికీ వేరే రేటు రాసుకుని, అయిన పనిని కొలిచి బిల్లు కడతారు. కొలవడానికి ఇంజనీర్ కావాలి కానీ అన్నింటిలో న్యాయమైనది ఇదేనని నా అభిప్రాయం. చేసిన పనికి డబ్బు వస్తుంది, చేయనిదానికి రాదు. అయిన ఖర్చు మీద కాంట్రాక్టర్‌కు ఇంత శాతం అనే పద్ధతి కూడా ఉంది. ఖర్చు పెరిగేకొద్దీ ఆయన ఆదాయం పెరుగుతుంది కనుక, గరిష్ఠ పరిమితి రాసుకోకుండా దాని జోలికి వెళ్లకండి.

మూడో మెట్టు: చదరపు అడుగు అంటే ఎవరి చదరపు అడుగు?

మెటీరియల్‌తో సహా అయితే ఈ మెట్టు దగ్గర కాస్త ఆగండి. రేటు గురించి గంటలకొద్దీ బేరమాడే మనం, ఆ రేటును దేనితో గుణిస్తారో అడగడం మరిచిపోతాం.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ లెక్కలో ఇల్లు 1200 చదరపు అడుగులు. కాంట్రాక్టర్ కొలతలో దీనికి పోర్టికో 150, మేడమెట్ల పైగది 120, బాల్కనీ 100 కలిశాయి. మొత్తం 1570. రేటులో ఒక్క రూపాయి కూడా మారకుండానే బిల్లు దాదాపు 31 శాతం పెరిగింది. ఆయన కొలిచింది తప్పని చెప్పడానికి మీ దగ్గర కాగితం లేదు.

అందుకే ప్లాన్ మీదే రంగు పెన్సిల్‌తో గీయండి. పూర్తి రేటు ఏ భాగానికి, సగం రేటు దేనికి, అసలు లెక్కలోకి రానివి ఏవి? గోడల మందం కలిపి కొలవాలా, లోపలి నేల మాత్రమేనా? రెండు అంతస్తులుంటే మెట్ల భాగం ఒకసారి లెక్కకొస్తుందా, రెండుసార్లా? ఇలా తేల్చిన మొత్తం అడుగుల అంకెను ఒప్పందంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

రేటులో ఏవి రావో కూడా అడగాలి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బోరు, పునాది గుంతలో మిగిలిన మట్టిని తరలించడం, బేస్‌మెంట్ నింపే మట్టి, వంటగది అరలు, కిటికీల గ్రిల్స్, నీళ్ల ట్యాంకు వీటిలో చాలావరకు ‘ఎక్స్‌ట్రా’ కిందికి పోతాయి. పునాది లోతుకూ పరిమితి ఉంటుంది. ‘5 అడుగుల దాకా మా రేటు, ఆ పైన అడుగుకు ఇంత’ అన్న షరతు మామూలే, న్యాయమే. కాకపోతే ఆ ‘ఇంత’ ముందే రాసి ఉండాలి. గుంత తీశాక అడిగితే బేరం మీ చేతిలో ఉండదు.

నాలుగో మెట్టు: కొటేషన్లు పోల్చడం

ఒకే డ్రాయింగుల సెట్టు, ఒకే స్పెసిఫికేషన్ కాగితం ముగ్గురు నలుగురికి ఇచ్చి ధర అడగండి. ఒక్కొక్కరికి ఒక్కోలా నోటిమాటగా చెబితే వచ్చే అంకెలను పోల్చలేం.

స్పెసిఫికేషన్ అంటే సిమెంటు, ఇనుము, ఇటుక, వైరు, పైపు, టైల్స్, పెయింటు వీటి కంపెనీ, రకం, సైజు. ‘మంచి క్వాలిటీ టైల్స్’ అని రాస్తే దానికి అర్థం లేదు. టైల్స్, కుళాయిల లాంటివి తర్వాత ఎంచుకుంటాం అనుకుంటే, ‘టైల్స్ కొనుగోలు ధర చదరపు అడుగుకు ఇంత దాకా కాంట్రాక్టర్‌ది, ఆ పైన తేడా యజమానిది’ అని రాయించండి. చాలా కొటేషన్లలో ‘ఫలానా కంపెనీ లేదా దానికి సమానమైనది’ అని ఉంటుంది. సమానమని ఒప్పుకునేది ఎవరో రాయకపోతే ఆ నిర్ణయం దుకాణంలో జరిగిపోతుంది. ‘యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే’ అన్న మాట చేర్చండి.

అందరికంటే బాగా తక్కువ చెప్పినాయన ఏదో ఒకటి వదిలేసి ఉంటాడు. లేదా తర్వాత ఎక్స్‌ట్రాల్లో రాబట్టుకుందామని అనుకుంటూ ఉంటాడు. ఒక్కో ఐటెం పక్కన నలుగురి అంకెలూ రాసుకుంటే తేడా ఎక్కడుందో కనిపిస్తుంది. ముగ్గురు ఇనుము దాదాపు ఒకే మోతాదు చూపించి, నాలుగో ఆయన అందులో నాలుగింట మూడొంతులే చూపిస్తే, ఆ ఇంటికి పడబోయే ఇనుము అదే.

ఐదో మెట్టు: పాత పనిని కళ్లారా చూడటం

ఫోన్‌లో చూపించే కొత్త ఇళ్ల ఫొటోలు పక్కన పెట్టండి. గృహప్రవేశం నాటికి ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది. ఆయన కట్టి మూడు నాలుగేళ్లయిన ఇళ్లు రెండు చూపించమని అడగండి, వీలైతే వానలు పడ్డాక వెళ్లండి. బాత్రూము కింది సీలింగులో తడి మరకలున్నాయా? కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పాకాయా? జుట్టులాంటి సన్నని ప్లాస్టరింగ్ పగుళ్లు ఎక్కడైనా ఉంటాయి, వాటికి భయపడక్కర్లేదు. బీము దగ్గర, పిల్లర్ దగ్గర వేలిగోరు దూరేంత పగులుంటే మాత్రం ఆలోచించాలి. నేల టైల్స్ మీద నాణెంతో తట్టండి, గుల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా పడలేదు. బాత్రూములో ఒక మగ్గు నీళ్లు పోయండి, అవి జాలీ వైపు వెళ్లాలి.

ఆ ఇంటి యజమానిని ‘కాంట్రాక్టర్ మంచివాడేనా’ అని అడిగితే మొహమాటానికి అవుననే అంటారు. సూటిగా అడగండి: మొదట అనుకున్న మొత్తానికీ చివరికి ఇచ్చినదానికీ తేడా ఎంత, దేనికి? ఆఖరి డబ్బు ముట్టాక లీకేజీ వచ్చిందని పిలిస్తే వచ్చాడా?

ప్రస్తుతం నడుస్తున్న సైట్ ఒకటి చెప్పకుండా వెళ్లి చూడటం అంతకంటే ముఖ్యం. సిమెంటు బస్తాలు నేల మీదే ఉన్నాయా, చెక్కల మీద పేర్చారా? కట్టిన గోడలు తడిగా ఉన్నాయా, పొడిబారి తెల్లగా ఉన్నాయా? మేస్త్రీ చేతిలో డ్రాయింగు ఉందా, లేక అంతా నోటి లెక్కేనా? ఎన్ని సైట్లు ఒకేసారి నడుపుతున్నారో కూడా అడగండి. ఆయన సరుకు తెచ్చుకునే దుకాణంలో వాకబు చేస్తే బాకీల సంగతి తెలుస్తుంది. దుకాణానికి అప్పుపడ్డ కాంట్రాక్టర్ మీరిచ్చే అడ్వాన్సుతో ముందు పాత సైటు బాకీ తీరుస్తాడు.

ఆరో మెట్టు: ఒప్పంద పత్రం

నోటిమాట మీద ఇల్లు మొదలుపెట్టకండి, అది దగ్గరి బంధువైనా సరే. బంధువైతే ఇంకా స్పష్టంగా రాసుకోవాలి, ఎందుకంటే తర్వాత అడగలేక మింగలేక ఇబ్బందిపడేది మీరే.

డ్రాయింగులు, స్పెసిఫికేషన్, కొలతల కాగితం, చెల్లింపుల పట్టిక ఇవన్నీ ఒప్పందంలో భాగమని రాసి, ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పని మొదలు తేదీ, పూర్తి తేదీ ఉండాలి. ఆలస్యమైతే వారానికి ఇంత కోత అని, అలాగే మీ డబ్బు ఆలస్యమైతే ఆయనకు ఎన్ని రోజుల గడువు పెరుగుతుందో అదీ రాయాలి. ఒకవైపే కట్టిపడేసే ఒప్పందం ఎక్కువ కాలం నిలవదు. ధరలు పెరిగితే భారం ఎవరిది, పన్నులు రేటులో కలిసే ఉన్నాయా, పనికి నీళ్లూ కరెంటూ ఎవరివి, సైట్‌లో సామాను పోతే ఎవరు భరించాలి, పనిని వేరేవాళ్లకు అప్పగించవచ్చా అన్నవి ఒక్కో వాక్యంలో తేల్చేయండి.

పనివాళ్ల భద్రత, బీమా గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. ఎత్తు నుంచి మనిషి పడితే అతని కుటుంబం రోడ్డున పడుతుంది. ప్రమాదం జరిగితే స్థల యజమానికీ చిక్కులు రావచ్చు. బీమా ఉందని మాట తీసుకుంటే చాలదు, పాలసీ కాగితం చూడండి. గడువు తేదీ, ఎంతమందికి వర్తిస్తుందో చదవండి. పరంజా, హెల్మెట్లు, బెల్టులు కాంట్రాక్టర్ బాధ్యత అని రాయించండి. సంతకాలకు ముందు ఒప్పందాన్ని న్యాయవాదితో ఒకసారి చదివించుకోండి.

ఏడో మెట్టు: డబ్బు ఎప్పుడు, ఎంత

చెల్లింపులు తేదీలను బట్టి కాదు, పూర్తయిన పనిని బట్టి ఉండాలి. ‘స్లాబ్ మొదలుపెట్టగానే’ అని కాకుండా ‘స్లాబ్ పోసి, క్యూరింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా నీళ్లతో తడిపి ఉంచడం) పూర్తయి, ఇంజనీర్ సంతకం పెట్టాక’ అని రాయాలి. మెటీరియల్‌తో సహా చేసే పనికి నాకు సబబుగా తోచే పంపకం ఇది:

– అడ్వాన్సు: 5 శాతం
– పునాది, బేస్‌మెంట్ పూర్తయ్యాక: 15
– పైకప్పు స్లాబ్ తర్వాత: 25
– గోడలు, ప్లాస్టరింగ్: 20
– వైరింగ్, పైపులు, నేల టైల్స్: 15
– తలుపులు, పెయింటింగ్: 10
– అప్పగింత రోజు: 5
– అప్పగించిన ఏడాదికి: 5

ఇంటిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. కానీ స్లాబ్ పడేసరికే 70 శాతం ఇవ్వాలని కాంట్రాక్టర్ పట్టిక ఇస్తే ఒప్పుకోకండి. ఇంటి రూపం వచ్చేసిందని మనకు సంతోషంగా ఉంటుంది కానీ టైల్స్, తలుపులు, కుళాయిలు, రంగులు అన్నీ ఇంకా మిగిలే ఉంటాయి. వాటికి సరిపడా డబ్బు మీ దగ్గర లేకపోతే, ఆ దశలో పని నత్తనడక పడుతుంది. మంచి కాంట్రాక్టర్‌కు సైతం పెట్టుబడి ఇబ్బంది ఉంటుంది, నిజమే. అలాంటప్పుడు అడ్వాన్సు పెంచే బదులు దశలను చిన్నవి చేయండి. లేదా సిమెంటు, ఇనుము దుకాణానికి మీరే నేరుగా కట్టి ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించుకోండి. అన్నీ బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు తీసుకోండి. పని సంతకమైన రోజునే డబ్బు ఇచ్చేయడం కూడా అంతే ముఖ్యం. సాయంత్రం పనివాళ్లకు కూలి ఇవ్వలేని కాంట్రాక్టర్ మర్నాడు వాళ్లను మీ సైట్‌కు తేలేడు.

ఎనిమిదో మెట్టు: పని నడుస్తున్నప్పుడు

అన్నీ మీరే చూడలేరు. కానీ కొన్ని తనిఖీలకు ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

ఇనుము లారీ వచ్చినప్పుడు ఒక కడ్డీని మీటరు పొడవు కోయించి తూకం వేయండి. కడ్డీ సైజును మిల్లీమీటర్లలో దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలుండాలో వస్తుంది. 12 మి.మీ. కడ్డీ అయితే దాదాపు 890 గ్రాములు, 8 మి.మీ.ది 395, 16 మి.మీ.ది 1580. కొద్ది తేడా మామూలే. పదో వంతు తక్కువ తూగితే సరుకు దించనివ్వకండి. సిమెంటు బస్తా మీద తయారీ తేదీ చూడండి. మూడు నెలలు దాటినది బలం తగ్గి ఉంటుంది, పరీక్షించకుండా వాడనివ్వకూడదు. ఇసుకలో మట్టి ఎంతుందో తెలుసుకోవడానికి గాజు సీసాలో సగం దాకా ఇసుక, ముప్పావు దాకా కొద్దిగా ఉప్పు కలిపిన నీళ్లు పోసి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక పైన బురద పొర వేరుగా పేరుకుంటుంది. దాని మందం ఇసుక మందంలో 8 శాతం దాటితే ఆ ఇసుక కడగాల్సిందే.

స్లాబ్ పోసే రోజు సెలవు పెట్టుకుని సైట్‌లో ఉండండి. ఇంటి మొత్తం మీద మీరు తప్పక ఉండాల్సిన రోజు అది. ముందు రోజే ఇంజనీర్ వచ్చి ఇనుము డ్రాయింగు ప్రకారం ఉందని సంతకం పెట్టాలి. కడ్డీల కింద కవర్ బ్లాకులు, అంటే ఇనుము అచ్చుకు ఆనకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు ఉండాలి. స్లాబుకు సుమారు 20 మి.మీ., బీముకు 25, పిల్లర్‌కు 40, పునాదికి 50, ఇంత మందాన కాంక్రీటు ఇనుమును కప్పి ఉంచకపోతే తేమ చేరి తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. కరెంటు పైపులు, ఫ్యాన్ కొక్కేలు, నీటి పైపుల దారులు అన్నీ అప్పటికే బిగించి ఉండాలి. స్లాబ్ పడ్డాక సుత్తితో తవ్వే పని పెట్టుకోకూడదు.

పోత మొదలయ్యాక మీ చూపు నీళ్ల మీద ఉంచండి. కాంక్రీటు గట్టిగా ఉంటే లాగడం కష్టం, ఎండలో పనివాళ్లు అలసిపోతారు, ఎవరో ఒకరు ఇంకో బకెట్టు నీళ్లు పోస్తారు. ఆ బకెట్టుతో కాంక్రీటు సులువుగా జారుతుంది, బలం మాత్రం పడిపోతుంది. నీళ్లకూ సిమెంటుకూ నిష్పత్తి 0.5 అని ఇంజనీర్ చెబితే, 50 కిలోల సిమెంటుకు 25 లీటర్లే, అందులోనూ ఇసుకలో ఉన్న తడిని తీసివేయాలి. కొలత డబ్బా ఒకటి పెట్టించి, దాంతోనే పోయమనండి. కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్ ఆగిపోతే ఇంకోటి సిద్ధంగా ఉండాలి, లేదంటే కంకర తేలి గుల్లగా మిగులుతుంది. అదే కాంక్రీటుతో పరీక్ష కోసం అచ్చు దిమ్మలు తీయించండి. 7 రోజుల పరీక్షలో సుమారు మూడింట రెండొంతుల బలం కనిపిస్తుంది, అసలు లెక్క 28 రోజులది.

తర్వాత కనీసం 7 రోజులు, ఎండలు మండుతుంటే ఇంకొన్ని రోజులు స్లాబ్ మీద నీళ్లు నిలిచే ఉండాలి. రోజుకు రెండుసార్లు చల్లి వదిలేస్తే క్యూరింగ్ కాదు. స్లాబును కింద నుంచి మోసే పలకలు, కర్రలు, అంటే సెంట్రింగ్ సామాను వేరే సైట్‌కు కావాలని తొందరపెడతారు. గోడ నుంచి గోడకు లేదా బీము నుంచి బీముకు దూరం 4.5 మీటర్లు దాటిన స్లాబుల కింద సపోర్టులు రెండు వారాల లోపు తీయనివ్వకండి, బీములకు ఇంకా ఎక్కువ కాలం కావచ్చు. ఇంజనీర్ రాసి ఇచ్చాకే తీయాలి.

ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ టేపు పట్టి ఫొటో తీయండి, పైపులు, వైర్లు ఏ ఎత్తున ఏ దూరాన ఉన్నాయో కనిపించేలా. పదేళ్ల తర్వాత గోడకు మేకు కొట్టాల్సి వచ్చినా ఆ ఫొటోలే దిక్కు. బాత్రూముల్లో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేయకముందే రెండు రోజులు నీళ్లు నిలిపి కింద తడి వచ్చిందేమో చూడాలి. పైపుల్లో ఒత్తిడితో నీళ్లు నింపి లీకేజీ చూసే ప్రెషర్ టెస్టు గోడ మూయకముందే చేయించాలి.

తొమ్మిదో మెట్టు: మార్పులు

గోడ లేచాక చూస్తే కిటికీ చిన్నదిగా అనిపిస్తుంది, మార్చాలనిపిస్తుంది. మార్చుకోవచ్చు. కానీ మేస్త్రీకి నేరుగా చెప్పకండి. ఏం మారుతుంది, ఎంత ఖర్చు పెరుగుతుంది లేదా తగ్గుతుంది, ఎన్ని రోజులు పడుతుంది అని నాలుగు లైన్లు రాసి ఇద్దరూ సంతకం పెట్టాకే పని మొదలవ్వాలి. వాట్సాప్ మెసేజ్‌కు ‘సరే’ అన్న జవాబు కూడా ఏమీ లేకపోవడం కంటే మేలు. పిల్లర్, బీము జోలికి వెళ్లే మార్పు ఏదైనా ఇంజనీర్‌ను దాటి వెళ్లకూడదు.

పదో మెట్టు: పని మధ్యలో ఆగితే

వారం రోజులుగా ఎవరూ రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు. కోపం వస్తుంది, వెంటనే ఇంకొకరిని తెచ్చి పని మొదలుపెట్టాలనిపిస్తుంది. అలా చేస్తే పాతాయన ఎంత చేశాడో తేల్చడానికి ఆధారం పోతుంది. ముందు ఒప్పందంలో ఉన్న ప్రకారం రాతపూర్వక నోటీసు ఇచ్చి గడువు పెట్టండి. గడువు దాటితే ఇంజనీర్‌తో కలిసి అయిన పనినంతా కొలిపించి, ఫొటోలు, సైట్‌లో మిగిలిన సామాను జాబితా సిద్ధం చేయించండి. ఆ కొలతలకు రమ్మని ఆయనకు కూడా కబురు పంపండి. తర్వాతే కొత్త మనిషి అడుగుపెట్టాలి. డబ్బు పని వెనకే నడిచి ఉంటే, ఈ దశలో మీరు భయపడాల్సింది పెద్దగా ఉండదు.

పదకొండో మెట్టు: అప్పగింత

చివరి వారంలో గది గదికీ తిరిగి లోపాల జాబితా రాయండి. ప్రతి తలుపూ తీసి వేయండి, ప్రతి కుళాయీ తిప్పండి, ప్రతి స్విచ్చూ నొక్కండి. ఎర్తింగ్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. జాబితాలో ఒక్కోదానికీ తేదీ పెట్టి, అవన్నీ పూర్తయ్యాకే అప్పగింత డబ్బు ఇవ్వండి.

మోటారు, ట్యాంకు, ఇతర సామాన్ల వారంటీ కాగితాలు, నిజంగా కట్టినదాని ప్రకారం సరిదిద్దిన డ్రాయింగులు, పైపుల ఫొటోలు తీసుకోండి. మీ ఇంటి తాలూకు దుకాణాలకూ పనివాళ్లకూ బాకీ లేదని కాంట్రాక్టర్ రాసి ఇవ్వాలి. కొన్ని దేశాల చట్టాల్లో డబ్బు అందని సరఫరాదారు నేరుగా ఆ ఇంటి మీదే హక్కు కోరవచ్చు. చట్టం సంగతి ఎలా ఉన్నా, మీరు డబ్బు ఇచ్చేశాక కూడా బాకీ కోసం మీ గుమ్మం ముందుకొచ్చే పరిస్థితి వద్దు.

మిగిలిన 5 శాతం ఏడాది పాటు మీ దగ్గరే ఉంటుంది. ఆ ఏడాదిలో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఇల్లు చూస్తుంది కాబట్టి చెమ్మ, పగుళ్లు, తలుపుల బిగుతు అన్నీ బయటపడతాయి. గడువు ముగియడానికి నెల ముందు క్యాలెండర్‌లో ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. ఆ రోజు ఇంజనీర్‌తో మళ్లీ ఇల్లంతా చూసి, కనిపించిన లోపాలు రాతపూర్వకంగా కాంట్రాక్టర్‌కు పంపండి. అవి సరిచేసిన రోజే ఆ డబ్బు ఆయనకు ముట్టజెప్పండి.